శుక్రవారం పొయ్యి

కాశీబుగ్గలో షామియానాలు, కుర్చీలు, మైకు సెట్లు, వంట గుండిగలు అద్దెకిచ్చేవాణ్ని నేను. పేరు పోలారావు. ఏ చర్చి వాడివని మీరు అడగబోతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, నాది చర్చి కాదు, అమ్మవారి గుడి. కానీ ఈ చుట్టుపక్కల చర్చిల సంగతులన్నీ నాకు తెలుసు. ఒక చర్చివాళ్లు ఇంకో చర్చి గడప తొక్కకపోయినా, నా గుండిగలు అన్ని గడపలూ తొక్కుతాయి మరి. డిసెంబరు వచ్చిందంటే పండక్కి ముందే చేసుకునే సెమీ క్రిస్మస్ బాప్టిస్టులది ఒకరోజు, పెంతెకోస్తు వాళ్లది ఇంకోరోజు, వాళ్లలోంచి విడిపోయినవాళ్లది మరోరోజు. అందరూ కలిసి ఒకే రోజు చేసుకుంటే నా కుర్చీలకు బూజు పట్టదూ! అందుకే సంఘాల ఐక్యత అనే మాట ఎవరైనా మైకులో అంటే నాకు ఒళ్లు మండేది. మైకు నాదే కాబట్టి కొంచెం సౌండు తగ్గించేవాణ్ని కూడా. అలాంటి నాచేత అన్ని చర్చిల వంటా ఒకే ఆటోలో మోయించిన మనిషి గురించి చెబుతాను.

ఆవిడ పేరు ఎలీసబెతు. నేను అప్పా అని పిలుస్తాను, మా వైపు అక్కను అలాగే అంటాం. పుట్టింది టెక్కలి. వాళ్ల నాన్న అక్కడి బాప్టిస్టు చర్చిలో గంట కొట్టేవాడట. పెళ్లయి మా పలాస, కాశీబుగ్గ జంట ఊళ్లకు వచ్చింది. మొగుడు రైల్వేలో గ్యాంగుమేను, మంచివాడు, పాపం తొందరగా పోయాడు. అప్పట్నుంచి జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. ఆముదం రాసుకున్న చేతులతో జీడి పిక్కలు కొట్టీ కొట్టీ ఆవిడ వేళ్లు నల్లబడిపోయాయి. ఆ నల్ల వేళ్లతోనే ఇక్కడి బాప్టిస్టు చర్చిలో స్త్రీల సమాజాన్ని నడుపుతుంది. ఆ సమాజంలో ఒక ఆచారం ఉంది. ఇంట్లో అన్నానికి బియ్యం తీసినప్పుడల్లా ఒక గుప్పెడు వేరే కుండలో వెయ్యాలి. ఆదివారం ఆ గుప్పెళ్లన్నీ చర్చికి చేరతాయి, లేనివాళ్ల కోసం. ఎవరింటి కుండ వెలితిగా వచ్చినా అప్ప కంట్లో పడుతుంది. "ఏటమ్మా, ఈ వారం మీ ఇంట్లో బువ్వ తినడం మానీసినారేటి?" అని అందరి ముందూ అడిగేస్తుంది. పాస్టరు ఫిలిప్పుగారు కూడా ఆవిడ నోటికి కాస్త ఎడంగానే ఉంటారు.

నోరెంత పెద్దదో చెయ్యీ అంత పెద్దది. మనిషి ఎదురుపడితే వందనాలకంటే ముందు "తిన్నావేటి?" అంటుంది. తిన్నానన్నా వినదు. పెట్టడమంటే ఆవిడకు పిచ్చి. అయితే ఎదుటివాళ్లు ఏం తింటారో, ఏం తినరో అడిగే అలవాటు మాత్రం పుట్టుకతోనే లేదు. తనకు రుచిగా ఉన్నది లోకమంతా తినాల్సిందే.

ఆ అలవాటువల్లే సొంత చెల్లెలితో మాటలు పోయాయి. చెల్లెలి పేరు బేబి. ఇప్పుడు మనవలున్నా ఆ పేరు అలాగే ఉండిపోయింది. బేబిని ఇచ్చింది సబ్బాతు సంఘం వాళ్లింట్లో. వాళ్లూ క్రైస్తవులే, కాకపోతే ఆదివారం బదులు శనివారం ఆరాధన చేస్తారు. ఆ రోజు పని ముట్టరు, పొయ్యి వెలిగించరు. రొయ్యలు, పీతలు ఎప్పుడూ తినరు. బేబి పెళ్లయిన కొత్తలో, అంటే నా జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో, అప్ప ఆ అత్తవారిని భోజనానికి పిలిచింది. గుండిగలు నావే, వడ్డించిందీ నేనే. సముద్రం ఒడ్డు నుంచి తాజా రొయ్యలు తెప్పించి ఇగురు పెట్టింది, వంకాయలో రొయ్యలు వేసింది, చివరికి పప్పులో కూడా ఎండు రొయ్యలు వదిలింది. వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మజ్జిగన్నం తిని, మర్యాదగా దండం పెట్టి వెళ్లిపోయారు.

"నా సేతి కూడు వొద్దంతారా!" అని అప్ప వీధిలోకొచ్చి మరీ అరిచింది.

"అడిగి వొండాల గదప్పా," అంది బేబి.

ఆ ఒక్క మాట పట్టుకుని అప్ప చెల్లెలి మొహం చూడటం మానేసింది. ఇద్దరి ఇళ్లూ కాశీబుగ్గలోనే. సంతలో ఎదురైతే ఒకరు ఆనపకాయల్ని చూస్తారు, ఇంకొకరు ఆకాశాన్ని చూస్తారు. ఏళ్లు గడిచిపోయాయి.

ఇక రత్నాలమ్మ సంగతి. అప్పా, రత్నాలమ్మా ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్కన కూర్చుని పిక్కలు కొట్టినవాళ్లు. ఒకరు చర్చికి, ఒకరు గుడికి వెళ్లినా వొదినా అంటే వొదినా అనుకునేవారు. రత్నాలమ్మది వజ్రపుకొత్తూరు అవతల సముద్రం పక్క పల్లె. మొగుడు తవిటయ్యకు కాస్త కొబ్బరి తోట ఉంది. ఆ పల్లెల్లో ఎందరికో పట్టుకున్న కిడ్నీ జబ్బు రత్నాలమ్మకూ పట్టుకుంది. సోమవారం, బుధవారం, శుక్రవారం పలాస వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. ఒకరోజు అప్పకు ఆవిడ బస్టాండులో కనిపించింది, సిమెంటు బల్ల మీద కళ్లు మూసుకుని.

"తిన్నావేటే వొదినా?"

"ఏటి తింతానే? తెల్లారకముందే ఇంటికాడ ఆటో ఎక్కాల. మిసను రగతం కడిగి ఒదిలేసరికి కాళ్లు తేలిపోతన్నాయి. ఓటల్లో ఏటి ముట్టుకున్నా ఉప్పే, నాకు ఉప్పు తగలకూడదంట. తినకుండా బస్సెక్కితే కళ్లు తిరిగిపోతన్నాయి. ఇంక రాను. సచ్చినా ఇంటికాడే సత్తాను."

"నోర్ముయ్," అంది అప్ప. "నానుండగా నువ్వు ఆకలితో ఎల్తావేటి? సోమారం రా, సూడు."

సోమవారం నా ట్రాలీ ఆటోలో గుండిగలు ఎక్కించుకుని డయాలసిస్ సెంటరుకు వెళ్లాం. అబ్బో, ఏం వంట! జీడిపప్పు కూర, టమాటా పప్పు, కొబ్బరి పచ్చడి, ఆవకాయ. పైగా సమాజం ఆడవాళ్లు ఇంటింటా అడిగి తెచ్చిన కొబ్బరి బొండాలు ఒక గుట్ట. మా ఉద్దానం పల్లెల్లో ఇంటికొచ్చిన మనిషికి ముందు బొండం కొట్టి ఇస్తాం, పిడికెడు జీడిపప్పు చేతిలో పెడతాం. ప్రేమంటే మాకు తెలిసింది అదే. నేను కత్తి తీసి మొదటి బొండం కొట్టబోతున్నాను, నర్సు హేమలత లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది.

"ఆగండి! ఎవరూ ఏదీ ముట్టుకోకండి! వీళ్లకి పనికిరానివన్నీ ఏరి ఏరి తెచ్చారేటమ్మా? ఈ కొబ్బరి నీళ్లు తాగితే ఒంట్లో పొటాషియం పెరిగి వీళ్ల గుండె ఆగిపోగలదు. వండే ముందు ఒక్క మాట అడగాలి గదా!"

రత్నాలమ్మ ఆ రోజు ఉత్త అన్నం తిని వెళ్లింది. జీడిపప్పు కూర మేమే తిన్నాం. అదేం పాపమో గానీ చాలా బావుంది. తిరిగొచ్చేటప్పుడు అప్ప నోరు విప్పలేదు. ఆవిడ మాట్లాడకుండా కూర్చోవడం నేను చూసింది అదే మొదలు. నాకు భయం వేసి, "ఏటప్పా?" అన్నాను.

"బేబి కూడా ఇదే మాట అంది గదరా," అంది.

మర్నాడే హేమలత దగ్గర చిన్నపిల్లలా కూర్చుని అన్నీ అడిగి నేర్చుకుంది. కూరగాయలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబొయ్యాలి. ఉప్పు వెయ్యకూడదు. వెల్లుల్లి, మిరియాలతో రుచి తేవాలి. తనుగా ఒక కట్టుబాటు కూడా పెట్టింది. వండినవాళ్లూ, వడ్డించినవాళ్లూ అదే గుండిగలో కూడు, ఆ రోగుల పక్కనే కూర్చుని తినాలి. "మనం ఇంటికెల్లి ఆవకాయ నంజుకుంటే ఆళ్లకి ఈ సప్పిడి కూడు ఎలా దిగుద్ది?" అంది. గుప్పెడు బియ్యం కుండలన్నీ ఇటు మళ్లాయి.

రోజూ అంతమందికి వండటం ఒక్క చర్చి ఆడవాళ్ల వల్ల అయ్యే పని కాదు. అప్ప పెంతెకోస్తు పాస్టరు ఏసుబాబు దగ్గరికి వెళ్లింది. ఆయన సంతోషించాడు గానీ, ఆటోకు మా సంఘం బ్యానరు కడదామన్నాడు. "బేనరేటి బాబూ? బేనరు సదువుకుని కూర ఉడుకుతాదేటి?" అంది అప్ప. ఆయన పకపకా నవ్వి మంగళవారం, గురువారం ఒప్పుకున్నాడు. సోమ, బుధ, శనివారాలు బాప్టిస్టులవి. ఆదివారం సెంటరుకే సెలవు. మిగిలింది శుక్రవారం.

శుక్రవారం ఈ రెండు చర్చిల్లోనూ ఉపవాస ప్రార్థన. బాప్టిస్టు చర్చి వంటశాలలో శుక్రవారం పొయ్యి వెలిగించరు, అది తాతల నాటి నియమం. ఏం చేస్తుంది అప్ప? తను ఉపవాసం ఉండి, ఇంట్లో చిన్న పొయ్యి మీద రత్నాలమ్మ ఒక్కదానికే వండి డబ్బాలో పట్టుకెళ్లింది.

రత్నాలమ్మ డబ్బా తెరిచి, చుట్టూ ఉన్న రోగుల్ని చూసి మూత పెట్టేసింది. "ఇంతమంది నోళ్లు సూత్తంటే నానొక్కర్తినీ ఎలా తినగలను?" అని పక్క మంచం మీది ముసలాయన చేతిలో డబ్బా పెట్టి వెళ్లిపోయింది. బస్సు మెట్టెక్కుతూ కళ్లు తిరిగి పడింది. నుదురు చీరుకుపోయింది. సోమవారం నుదుటికి కట్టుతో వచ్చి తేల్చి చెప్పేసింది, "సోమారం వొత్తాను, బుధారం వొత్తాను. శుక్రారం మాత్రం రాను."

అప్ప హేమలతను పక్కకు పిలిచి అడిగింది. "శుక్రవారం మానేస్తే సోమవారం దాకా ఒంట్లో నీరు చేరిపోద్దమ్మా. ఊపిరాడదు. సోమవారానికి మనిషి ఉంటుందో లేదో నేను చెప్పలేను," అంది హేమలత.

అక్కణ్నుంచి తిన్నగా ఫిలిప్పుగారి దగ్గరికి. ఆ చర్చిలో పాస్టరుగారిని అయ్యగారూ అంటారు. "అయ్యగారూ, శుక్రారం పొయ్యి ఎలిగించనివ్వండి," అంది.

ఆయన మంచివాడే. మొహం చిన్నబుచ్చుకున్నాడు. "పెద్దలు పెట్టిన నియమం, నా ఒక్కడి మాట కాదమ్మా. వచ్చే నెల సంఘ కూటంలో మాట్లాడదాం."

"వొచ్చే నెలకి మా వొదిన ఉండాల గదండీ!"

అప్ప నా షాపుకొచ్చి, దొంతరగా పేర్చిన కుర్చీల పక్కన కూలబడింది. కోపానికి ఏడుస్తోందో, దుఃఖానికి ఏడుస్తోందో తెలియలేదు. నాకు చూడబుద్ధి కాలేదు. వ్యాపార రహస్యం నోరు జారిపోయింది.

"అప్పా, ప్రతి గురువారం సాయంత్రం నా దగ్గర పెద్ద గుండిగలు ఎవలు పట్టుకెల్తారో తెలుసా? సబ్బాతు సంఘం వాళ్లు. శనివారం పొయ్యి ముట్టరు గదా, ఆ శనివారం సంఘ భోజనానికి ముందేర్పాటంతా శుక్రారమే. ఆ రోజు వాళ్ల వంటశాలలో పొద్దుట్నుంచి పొయ్యి ఆరదు."

అప్ప కళ్లు తుడుచుకుని నావైపు అనుమానంగా చూసింది. "ఆ వంట ఎవలు సూత్తారు?"

"నీకు తెలీదేటి? బేబి."

నన్ను తినేసేలా చూసింది. కాసేపు కుర్చీల వంక చూసింది. తర్వాత లేచి, "ఆటో తియ్," అంది.

సబ్బాతు చర్చి పెరట్లో బేబి చేటలో బియ్యం ఏరుతోంది. అప్ప గేటు దగ్గరే ఆగిపోయింది. ఊరందరినీ నిలబెట్టి కడిగేసే మనిషి, గేటు చువ్వ పట్టుకుని నేల చూపులు చూస్తోంది. నేను దగ్గాను. బేబి తలెత్తింది, చేట పక్కన పెట్టింది.

"బేబీ," అంది అప్ప. "నాకు శుక్రారం కూడు గావాల."

"నీకా?"

"రత్నాలొదినకి. ఆవిడతోపాటు డయాలసిస్ కాడికొచ్చినోళ్లందరికీ."

బేబి లేచి కొంగు దులుపుకుంది. "ఆళ్లు ఏటి తింతారు, ఏటి తినరు?" అంది.

అంతే, అప్ప గొల్లుమంది. "అదీ! అదే అడగాల! ఆ రోజు మీ అత్తోరిని నానడగనేదే. అడగనేదు సరిగదా, నిన్నే తిట్టినాను. తప్పయిపోనాదే సెల్లీ!"

బేబి గేటు తీసి అప్పను రెండు చేతులా పట్టుకుంది. ఇద్దరూ గట్టిగా ఏడ్చారు. కాసేపటికి బేబి ముక్కు తుడుచుకుంటూ, "మా అత్తకి ఇప్పటికీ ఆ పప్పులో రొయ్యలు కల్లోకి వొత్తన్నాయంట," అంది. అప్పకు ఏడుపులోనే నవ్వొచ్చేసింది. నాకూ కళ్లు చెమర్చాయి, ఎందుకు దాచడం!

ఆ రాత్రే అప్ప తవిటయ్యకు ఫోను చేసింది. "అన్నా, ఈ ఒక్క శుక్రారం ఎలాగోలా తీసుకురా. ఈపాలి అందరికీ కూడుంది. తర్వాత రానంటే నానింక అడగను." తవిటయ్య బతిమాలాడో, కోప్పడ్డాడో గానీ, శుక్రవారం ఇద్దరూ దిగారు.

మధ్యాహ్నం సెంటరు వరండాలో విస్తళ్లు వేశాం. వేడన్నం, వెల్లుల్లి వేసిన బీరకాయ కూర, ఉడకబెట్టిన గుడ్డు తెల్లసొన. సబ్బాతు ఆడవాళ్లు కట్టుబాటు ప్రకారం రోగుల పక్కనే కూర్చున్నారు. బేబి వడ్డిస్తోంది. అప్ప చేతిలో గరిటె పట్టుకుని నిలబడింది. రత్నాలమ్మ అన్నం కలిపి, ముద్ద చేసి, ఆగిపోయింది.

"నువ్వేటి నిల్చున్నావు? కూకో."

"నాకు శుక్రారం గదే."

"మరి నాకేటి, సోమారమా?"

విన్నవాళ్లంతా నవ్వారు. రత్నాలమ్మ నవ్వలేదు. "పక్కన కూకుని తినాలన్న కట్టు నువ్వు పెట్టిందే గదా. నువ్వు కడుపు మాడ్సుకుని నాకెడితే నా గొంతు దిగదు. నువ్వు తినకపోతే నానూ తినను. వొచ్చే శుక్రారం రాను కూడా రాను." ముద్ద విస్తట్లో పెట్టేసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడే వరండా మెట్ల దగ్గర ఫిలిప్పుగారు కనిపించారు. ఉపవాస ప్రార్థన ముగించుకుని రోగులకోసం ప్రార్థన చేద్దామని వచ్చారు. జ్వరమొచ్చినా, పురుటి నెలలొచ్చినా అప్ప శుక్రవారం పొద్దుగూకేదాకా మెతుకు ముట్టలేదని ఆ చర్చిలో చెప్పుకుంటారు. ఆ మాట ఆవిడకు ఎంత గర్వమో నాకు తెలుసు. అప్ప అయ్యగారిని చూసింది. రత్నాలమ్మ నుదుటి మీది కట్టు చూసింది. గరిటె గుండిగలో వేసి, రత్నాలమ్మ పక్కన చతికిలబడి, "బేబీ, నాకూ ఎయ్యవే," అంది.

బేబి వడ్డించింది. అప్ప మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా నములుతూనే ఉంది. రత్నాలమ్మ తన ముద్ద అందుకుంది. ఫిలిప్పుగారు చెప్పులు విడిచి మెట్లెక్కి వచ్చి, తవిటయ్య పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"బేబమ్మా, నాకూ కొంచెం పెట్టండి. పొద్దుట్నుంచి కడుపు కాలిపోతోంది," అన్నారు.

ఒక ముద్ద తిని ఆయన మొహం అదోలా పెట్టారు. "ఇందులో ఉప్పు..."

"నేదండీ అయ్యగారూ," అన్నాడు తవిటయ్య. "తొలీత అలాగే ఉంతాది. అలవాటైపోద్ది."

ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది ఫిలిప్పుగారే. నవ్వాపుకుని, "వచ్చే శుక్రవారం మన వంటశాలలో పొయ్యి వెలిగిద్దాం, ఎలీసబెతమ్మా. పెద్దలతో నేను మాట్లాడతాను," అన్నారు.

"వొద్దండి బాబూ," అంది బేబి. "శుక్రారం మాది, ఎవలకీ ఇవ్వం. శనివారం మేం పొయ్యి ముట్టం గాబట్టి ఆ రోజు మీరు సూసుకోండి. శుక్రారం మీరొచ్చి తినండి, సాలు."

నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఐక్యత, ఐక్యత అని మైకులో అరిచేటప్పుడు సౌండు తగ్గించినవాణ్ని, ఆ రోజు మాత్రం మైకు తేనందుకు బాధపడ్డాను.

రత్నాలమ్మ విస్తరి ఊడ్చినట్టు తినేసింది. చెయ్యి కడుక్కుని, కొంగుతో మూతి తుడుచుకుని, ఖాళీ గుండిగలో ఒకసారి తొంగి చూసింది.

"బేబీ, వొచ్చే శుక్రారం ఏటి కూర?" అంది.

బేబి జవాబు చెప్పబోయేలోగానే అప్ప రత్నాలమ్మ భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చేసింది. రత్నాలమ్మ కంగారుపడి అటూ ఇటూ చూసి, "ఓలమ్మ, ఇదేటోలమ్మ! కూర ఏటని అడిగినాను గానీ, నిన్ను ఏడవమన్నానేటే?" అంది.